వర్జీనియా రాష్ట్ర సెనేట్ ఎన్నికలో ఓటు వేయడం ఎలా?

ఎగువ సభ అన్న మాట వినగానే మనకు శాసనమండలి గుర్తుకు రావడం సహజం. పట్టభద్రులు కొందరిని, ఉపాధ్యాయులు కొందరిని, స్థానిక సంస్థల ప్రతినిధులు కొందరిని, ఎమ్మెల్యేలు కొందరిని ఎన్నుకోగా మిగిలినవారిని గవర్నరు నామినేట్ చేసే ఆ సభకు ఓటు వేసే అవకాశం చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా రాదు. వచ్చినవారు పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతో పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం రాసి వస్తారు. వర్జీనియాలో స్థిరపడిన మనవాళ్లలో చాలామంది ఇక్కడి రాష్ట్ర సెనేట్‌ను కూడా అదే కోవకు చెందినదనుకుని, అదేదో నాయకులు చూసుకునే వ్యవహారమని వదిలేయడం నేను తరచుగా గమనిస్తున్నాను. నిజానికి ఇక్కడ గవర్నరు నామినేట్ చేసేవారూ లేరు, ప్రాధాన్య ఓట్లూ లేవు. రాష్ట్రాన్ని 40 నియోజకవర్గాలుగా విభజించారు; ఒక్కొక్క దానిలో ఉన్న పౌరులందరూ నేరుగా ఓటు వేస్తారు; అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారు సెనేటరు అవుతారు. తెలంగాణ మండలిలోనూ సభ్యుల సంఖ్య 40 కావడం తప్ప ఈ రెండింటికీ పోలిక పెద్దగా లేదు.

సెనేటరు పదవీకాలం నాలుగేళ్లు. 40 స్థానాలకూ ఒకేసారి ఎన్నిక జరుగుతుంది. కిందటిసారి 2023 నవంబరు 7న జరిగింది. తరువాతిది 2027 నవంబరు 2న జరగవలసి ఉంది. దిగువ సభ అయిన హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో 100 మంది ఉంటారు, వారి పదవీకాలం రెండేళ్లే. ఈ రెండు సభలనూ కలిపి జనరల్ అసెంబ్లీ అంటారు. వాషింగ్టన్‌లో కూర్చునే అమెరికా సెనేట్ వేరు, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో కూర్చునే ఈ సెనేట్ వేరు అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది గాని, ప్రచార కరపత్రాలలో రెండింటికీ ‘సెనేట్’ అనే వేస్తారు కనుక చేతికి వచ్చిన కాగితం దేని గురించో ఒకసారి చూసుకోవడం మంచిది.

ముందుగా: ఈ ఓటు మీ ఇంటి దాకా ఎలా వస్తుంది

మీరు ఉత్తర వర్జీనియాలోని యాష్‌బర్న్ ప్రాంతంలో ఉంటూ డల్లెస్ గ్రీన్‌వే మీదుగా ఆఫీసుకు వెళ్తున్నారనుకోండి. డల్లెస్ విమానాశ్రయం నుంచి లీస్‌బర్గ్ వరకు వెళ్లే ఆ రోడ్డు ప్రైవేటు యాజమాన్యంలో ఉంది. అక్కడ టోలు ఎంత వసూలు చేయవచ్చో నిర్ణయించేది స్టేట్ కార్పొరేషన్ కమిషన్. రద్దీ వేళల టోలును 5.80 డాలర్ల నుంచి 8.10 డాలర్లకు పెంచుకుంటామని ఆ కంపెనీ 2023లో దరఖాస్తు పెట్టుకోగా, 2024లో కమిషన్ దానిని తిరస్కరించింది. మీ ఇంటి కరెంటు బిల్లు రేట్లకు ఆమోదం తెలిపేదీ ఈ కమిషనే. డేటా సెంటర్ల కోసం వేసే కరెంటు లైన్ల ఖర్చు ఎవరి మీద పడాలన్న వాదన నడిచేదీ దాని ఎదుటే.

ఆ కమిషన్‌లోని ముగ్గురు న్యాయమూర్తులను ఎన్నుకునేది జనరల్ అసెంబ్లీ. సెనేట్ ఒప్పుకోకపోతే ఆ నియామకం జరగదు. 2022, 2023 సంవత్సరాలలో దిగువ సభ ఒక పార్టీ చేతిలో, సెనేట్ మరో పార్టీ చేతిలో ఉండడంతో ఎవరిని ఎన్నుకోవాలో తేలక, ముగ్గురు ఉండవలసిన కమిషన్‌లో ఒక దశలో ఒక్కరే మిగిలారు. 2023 ఎన్నికలలో రెండు సభలూ ఒకే పార్టీకి దక్కిన తరువాత, 2024 జనవరిలో గాని ఆ ఖాళీలు నిండలేదు. ఈ కమిషన్ ఒక్కటే కాదు, రాష్ట్రంలోని కోర్టుల న్యాయమూర్తులను కూడా జనరల్ అసెంబ్లీయే ఎన్నుకుంటుంది. అమెరికా మొత్తం మీద ఈ పద్ధతి వర్జీనియాతో పాటు సౌత్ కరోలినాలో మాత్రమే ఉంది. టోలు పెరగడం మంచిదా చెడ్డదా, ఏ పార్టీ న్యాయమూర్తులు మేలు అన్నది మీ మీ అభిప్రాయాన్ని బట్టి ఉంటుంది. టోలు గేటు దగ్గర మీ ఖాతా నుంచి కోసుకునే మొత్తానికీ సెనేటరు ఓటుకూ మధ్య ఉన్న దూరం మాత్రం మనం అనుకునేంత ఎక్కువ కాదు.

మొదటి పని: మీకు ఓటు హక్కు ఉందో లేదో నిర్ధారించుకోండి

తక్కినవాటిలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు, దీనిలో జరిగితే దిద్దుకోవడం చాలా కష్టం కనుక ఈ విషయాన్ని కాస్త విస్తరించి చెబుతున్నాను. వర్జీనియాలో ఓటు వేయాలంటే అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి. హెచ్‌-1బీ, ఎల్‌-1, ఎఫ్‌-1 వీసాల మీద ఉన్నవారికే కాదు, ఇరవై ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా ఓటు లేదు. పన్నులు కడుతున్నాం కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు.

ప్రమాదం సాధారణంగా డీఎంవీ (మోటారు వాహనాల శాఖ) కౌంటరు దగ్గర మొదలవుతుంది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడో అడ్రసు మార్చుకునేటప్పుడో తెర మీద వచ్చే ప్రశ్నలలో, మీరు అమెరికా పౌరులా, ఓటరుగా నమోదు కావాలనుకుంటున్నారా అన్నవి కూడా ఉంటాయి. వెనుక వరుసలో పదిమంది నిలబడి ఉన్నారన్న తొందరలో అన్నిటికీ ‘అవును’ అని నొక్కుకుంటూ పోవడం మనకు అలవాటు. పౌరులు కాని వారు పౌరులమని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో చాలా తీవ్రమైన విషయం. అది గ్రీన్ కార్డుకు, ఆ తరువాత పౌరసత్వానికి అడ్డు తగలడమే కాక, దేశం నుంచి పంపివేయడానికి కూడా కారణం కాగలదు. ఆ ప్రశ్న దగ్గర ఆగి, చదివి, ‘కాదు’ అని నొక్కండి. పొరపాటు జరిగిపోయిందని తరువాత గ్రహిస్తే, మౌనంగా ఉండిపోకుండా ఇమిగ్రేషన్ లాయరును కలిసి, వారి సలహా ప్రకారం నమోదు రద్దు చేయించుకోవాలి.

ఓటు లేనివారు ఏమీ చేయకూడదని కాదు. గ్రీన్ కార్డు ఉన్నవారు అభ్యర్థులకు చందా ఇవ్వవచ్చు. వీసా మీద ఉన్నవారు మాత్రం ఏ స్థాయి ఎన్నికకైనా, ఏ అభ్యర్థికైనా, ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఇంట్లో జరిగే విందుకు పిలిచి, అభ్యర్థిని పరిచయం చేసి, చివరకు చెక్కులు అడిగే ఆనవాయితీ మనవాళ్లలో బాగా పెరిగింది; అటువంటి చోట మొహమాటానికి పోయి చెక్కు రాయకండి, మీ డబ్బును పౌరసత్వం ఉన్న మరొకరి పేరు మీద ఇప్పించకండి. జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా కరపత్రాలు పంచడం, ఇంటింటికీ తిరగడం వంటి పనులకు అనుమతి ఉంది, అయితే ప్రచార నిర్ణయాలు తీసుకునే చోట మీరు కూర్చోకూడదు.

రెండవ పని: నమోదు, పేరు సరిచూసుకోవడం

పౌరసత్వ ప్రమాణం చేసిన వారంలోపే నమోదు చేసుకోవడం మంచి అలవాటు. వర్జీనియా డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎలక్షన్స్ వెబ్‌సైటులో, రాష్ట్రంలో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్సు ఉంటే, కొన్ని నిమిషాలలో పని అయిపోతుంది. లేనివారు కాగితం దరఖాస్తు నింపి తమ కౌంటీలో ఓటరు నమోదు చూసే జనరల్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇవ్వవచ్చు. ఇక్కడ పార్టీ పేరుతో నమోదు కావడం అన్నది లేదు, మీరు ఏ పార్టీ వారని దరఖాస్తులో అడగరు.

దానితో పాటే డీఎంవీలోనూ, సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలోనూ మీ పౌరసత్వ వివరం మార్పించుకోండి. పాత రికార్డులో మీరు పౌరులు కానట్టుగా ఉండిపోతే, జాబితాలను పోల్చి చూసినప్పుడు మీ పేరు అనుమానం కిందికి వస్తుంది. 2024 ఆగస్టులో గవర్నరు జారీచేసిన ఉత్తర్వు తరువాత పౌరులు కారన్న కారణంతో 1,600 పైచిలుకు పేర్లను జాబితా నుంచి తీసివేయగా, ఆ వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది; తొలగింపును కొనసాగనిస్తూ ఆ కోర్టు అక్టోబరు 30న ఆదేశించింది. తీసివేసిన వారిలో పౌరులు కూడా ఉన్నారని దావా వేసినవారు వాదించారు. అటువంటి ఉత్తరం మీ ఇంటికి వస్తే, ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేయకండి. జవాబు ఇవ్వడానికి అప్పుడు ఇచ్చిన గడువు 14 రోజులే.

ఇక పేరు. ఒక ఎన్నికలో నేను ఎలక్షన్ ఆఫీసరుగా పనిచేసిన రోజున, తెల్లవారుజామున అయిదింటికే వెళ్లి బల్ల ముందు కూర్చున్నాను. ఓటరు తన పేరు, చిరునామా చెప్పాలి. మేము ఆ పేరును మా ఎదుట ఉన్న ట్యాబ్లెట్‌లో వెతకాలి. మనవాళ్లలో ఒక పెద్దాయన వచ్చి ‘సత్యనారాయణ’ అన్నారు. జాబితాలో ఆ పేరు చివరిపేరు గడిలో లేదు, ఇంటిపేరు ఉంది. ఆ తరువాత వచ్చిన ఆమెకు పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా లేకపోవడం వల్ల తొలి పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే తొలి పేరు తెలియదు) అని పడి, అదే ఓటరు జాబితాకూ ఎక్కింది. ఇద్దరి పేర్లూ చివరకు దొరికాయి, ఇద్దరూ ఓటు వేశారు. కాని వెనుక వరుస పెరుగుతుంటే వారి ముఖాలలో కనిపించిన ఇబ్బంది నాకు ఇంకా గుర్తుంది. నమోదైన మీ పేరు ఏ గడిలో ఎలా పడిందో వెబ్‌సైటులో ఒకసారి చూసి ఉంచుకోండి. లైసెన్సు తీసుకువెళ్తే వెనుక ఉన్న బార్‌కోడ్‌ను స్కాన్ చేసి పేరు పట్టుకోవడం తేలిక.

నమోదుకు ఎన్నికకు ముందు ఒక గడువు ఉంటుంది. ఈ గడువులను జనరల్ అసెంబ్లీ అప్పుడప్పుడు మారుస్తుంది కనుక 2027లో మీ కౌంటీ ప్రకటించే తేదీనే ప్రమాణంగా తీసుకోండి. గడువు దాటిపోతే తలుపులు మూసుకుపోయినట్టు కాదు. 2022 అక్టోబరు నుంచి, గడువు తరువాత కూడా, పోలింగ్ రోజున సైతం, అక్కడికక్కడే నమోదు చేసుకుని ప్రొవిజనల్ బ్యాలెట్ మీద ఓటు వేయవచ్చు. అర్హత పరిశీలించిన తరువాతే దానిని లెక్కపెడతారు.

మూడవ పని: మీ నియోజకవర్గం ఏదో తెలుసుకోండి

ఇంటి చిరునామాను బట్టి మీ సెనేటరు ఎవరో చెప్పే సౌకర్యం జనరల్ అసెంబ్లీ వెబ్‌సైటులో ఉంది. ఇల్లు ఒకటే అయినా మీకు మూడు రకాల నియోజకవర్గాలు ఉంటాయి: అమెరికా కాంగ్రెసుకు ఒకటి, రాష్ట్ర సెనేట్‌కు ఒకటి, హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు ఒకటి. వీటి సరిహద్దులు ఒకదానితో ఒకటి కలవవు. పక్క వీధిలో ఉండే మీ స్నేహితుల సెనేటరే మీ సెనేటరు అని అనుకోవద్దు.

సెనేట్ నియోజకవర్గాల ప్రస్తుత సరిహద్దులను 2021 డిసెంబరులో వర్జీనియా సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 2020లో ప్రజలు ఆమోదించిన రాజ్యాంగ సవరణ ప్రకారం, ఎనిమిది మంది శాసనసభ్యులూ ఎనిమిది మంది సాధారణ పౌరులూ ఉన్న కమిషన్ ఆ పని చేయవలసింది గాని, వారిలో వారికి పొత్తు కుదరకపోవడంతో బాధ్యత కోర్టు మీద పడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక్కొక్క సెనేట్ నియోజకవర్గంలో సుమారు 2,15,000 మంది ఉన్నారు. జనాభా అన్నింటిలో దాదాపు సమానంగా ఉండడం అనాదిగా ఉన్న నియమమేమీ కాదు. ఆర్లింగ్టన్, ఫెయిర్‌ఫ్యాక్స్ వంటి చోట్ల జనం పెరుగుతున్నా స్థానాలు పెరగడం లేదని వేసిన దావాలో 1964 జూన్ 15న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాకే ఇది వర్జీనియాకు తప్పనిసరి అయింది.

నాలుగవ పని: నవంబరును కాదు, జూన్‌ను గుర్తు పెట్టుకోండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే మీకు గుర్తుండాలంటే నేను ఈ మాటనే ఎంచుకుంటాను. చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీ వైపు గట్టిగా మొగ్గి ఉంటాయి. అటువంటి చోట అసలు పోటీ పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీలోనే ముగుస్తుంది, నవంబరులో మిగిలేది లాంఛనమే. చట్టం మారకపోతే ప్రైమరీ జూన్ నెల మూడవ మంగళవారం నాడు, అంటే 2027 జూన్ 15న వస్తుంది. బడులకు సెలవులు ఇచ్చి, సగం మంది హైదరాబాదుకో విజయవాడకో టికెట్లు కొనుక్కుని వెళ్లిపోయే రోజులు అవి.

2023 జూన్ 20న జరిగిన ప్రైమరీలో, షాంటిలీ, సెంటర్‌విల్ ప్రాంతాలు ఉన్న 36వ నియోజకవర్గంలో సెనేట్ ఫైనాన్స్ కమిటీని నడిపిస్తున్న జార్జ్ బార్కర్ వంటి సీనియరు, అప్పటికి స్కూలు బోర్డు సభ్యురాలుగా ఉన్న స్టెల్లా పెకార్‌స్కీ చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు. అదే రోజున ఫెయిర్‌ఫ్యాక్స్‌లోనే మరో సిట్టింగ్ సెనేటరు చాప్ పీటర్సన్ ఓడారు. రిపబ్లికన్ల వైపు రిచ్‌మండ్ శివార్లలో సిట్టింగ్ సెనేటరు అమాండా చేజ్ ఓడారు. వీరందరూ నవంబరు దాకా ఆగకుండానే ఇంటికి వెళ్లారు. ఇందాక చెప్పిన విషయమే ఇక్కడ ఉపయోగపడుతుంది: పార్టీ నమోదు లేదు కనుక మీరు ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు, కాని ఒకే రోజున రెండు పార్టీలవీ ఉంటే ఒక్కదానిలోనే. ఏ బ్యాలెట్ కావాలో కేంద్రంలో మీరే అడిగి తీసుకోవాలి.

ప్రభుత్వం నిర్వహించే ప్రైమరీకి బదులు, పార్టీలు సొంతంగా సమావేశం పెట్టుకునో, ‘ఫైర్‌హౌస్ ప్రైమరీ’ పేరుతో తామే ఓటింగు నిర్వహించుకునో అభ్యర్థిని ఎంచుకునే పద్ధతులూ ఉన్నాయి. వాటి తేదీ, స్థలం పార్టీ స్థానిక కమిటీని అడిగి తెలుసుకోవాలి.

అయిదవ పని: అభ్యర్థిని చదవండి

సిట్టింగ్ సెనేటరు అయితే వారు ఏ బిల్లుకు ఎటు ఓటు వేశారో అసెంబ్లీ వారి లెజిస్లేటివ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్‌లో బిల్లు వారీగా కనిపిస్తుంది. బిల్లు సభలో ఓడిపోయిందా, లేక సబ్‌కమిటీలోనే అణిగిపోయిందా అన్నది చూడడం అలవాటు చేసుకోండి. ఇక్కడ బిల్లులు ఎక్కువగా చనిపోయేది కమిటీ గదుల్లోనే. జనవరి రెండవ బుధవారం మొదలయ్యే సమావేశాలు సరి సంవత్సరాలలో 60 రోజులు, బేసి సంవత్సరాలలో మామూలుగా 46 రోజులు మాత్రమే ఉంటాయి కనుక అంతా చకచకా జరిగిపోతుంది.

డబ్బు సంగతి చూడాలంటే వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్టు అనే నిష్పాక్షిక సంస్థ వెబ్‌సైటు ఉంది. రాష్ట్ర పదవుల అభ్యర్థులకు ఎవరైనా ఎంతైనా చందా ఇవ్వవచ్చు, వర్జీనియాలో దానికి పరిమితి లేదు. అందువల్ల ఏ కరెంటు కంపెనీ, ఏ సంస్థ, ఏ ధనికుడు మీ అభ్యర్థికి ఎంత ఇచ్చారో ఆ జాబితాలో చూడవలసిన అవసరం మరింత ఉంది. నా మటుకు నేను ప్రసంగాల కంటే ఆ జాబితానే ముందు చూస్తాను.

మన ప్రాంతం వారన్న ఆసక్తి ఉండడంలో తప్పులేదు. హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్ల వయసులో అమెరికా వచ్చిన గజాలా హష్మీ 2019లో రిచ్‌మండ్ ప్రాంతం నుంచి సెనేట్‌కు ఎన్నికయ్యారు; ఆ సభలో తొలి ముస్లిం సభ్యురాలు ఆమె. 2025 నవంబరులో లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. ఆ పదవిలో ఉన్నవారే సెనేట్‌కు అధ్యక్షత వహించి, ఓట్లు సమానమైనప్పుడు నిర్ణాయక ఓటు వేస్తారు. 2023లో సెనేట్ 21-19గా తేలిన సంగతి గుర్తు చేసుకుంటే ఆ ఒక్క ఓటు బరువు అర్థమవుతుంది. అయితే పేరు చూసి ఓటు వేసేవారికి నా మనవి ఏమిటంటే, ఆ పేరు పక్కన ఉన్న ఓటింగు రికార్డును కూడా చూడండి.

ఆరవ పని: ఓటు వేసే పద్ధతిని ఎంచుకోండి

మూడు దారులు ఉన్నాయి. పోలింగ్ రోజుకు 45 రోజుల ముందు నుంచి ముందస్తు ఓటింగు మొదలై, ఎన్నికకు ముందటి శనివారం సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. దీనికి కారణం చెప్పనక్కర్లేదు. మొదటి వారాలలో రిజిస్ట్రారు కార్యాలయంలోనే ఉంటుంది, చివరి రోజులలో మరికొన్ని కేంద్రాలు తెరుస్తారు. పోలింగ్ రోజున ప్రయాణాలు ఉన్నవారికీ, ఆఫీసు వేళలు కుదరనివారికీ నేను ఈ దారినే సూచిస్తాను.

రెండవది పోస్టల్ బ్యాలెట్. ఎన్నికకు 11 రోజుల ముందు సాయంత్రం అయిదింటిలోపు అడగాలి. తిరిగి పంపే కవరు మీద పుట్టిన సంవత్సరం, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు రాయడం మరచిపోవద్దు. పోస్టు మీద నమ్మకం లేకపోతే రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర ఉండే డ్రాప్ బాక్సులో మీరే వేసి రావచ్చు.

మూడవది పోలింగ్ రోజునే వెళ్లడం. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకు కేంద్రం తెరిచి ఉంటుంది, ఏడు గంటలకు వరుసలో ఉన్నవారందరికీ ఓటు వేసే హక్కు ఉంటుంది. మీకు కేటాయించిన కేంద్రానికే వెళ్లాలి. డ్రైవింగ్ లైసెన్సు గాని, అమెరికా పాస్‌పోర్టు గాని, చివరకు ఇటీవలి కరెంటు బిల్లు గాని గుర్తింపుగా చెల్లుతుంది. ఏమీ లేకపోతే ప్రమాణ పత్రం మీద సంతకం చేసి ఓటు వేయవచ్చు.

ఏడవ పని: బ్యాలెట్ నింపడం

ఇక్కడ ఓటింగు యంత్రంలో మీట నొక్కడం ఉండదు. 2017లో టచ్‌స్క్రీన్ యంత్రాలను పక్కన పెట్టాక రాష్ట్రమంతటా కాగితం బ్యాలెట్టే వాడుతున్నారు. పేరు పక్కన ఉన్న కోడిగుడ్డు ఆకారపు గడిని పెన్నుతో పూర్తిగా నింపి, ఆ కాగితాన్ని స్కానరులోకి మీరే తోయాలి. మా మామగారు తొలిసారి ఓటు వేసినప్పుడు పరీక్ష పేపరు దిద్దినట్టు పేరు పక్కన చక్కగా టిక్కు పెట్టి, ‘ఇక చాలు కదా’ అన్నారు. టిక్కులు, ఇంటూలు, 1, 2, 3 అంకెలు పెట్టకండి. పొరపాటున ఒక గడి నింపితే కొట్టివేసి మరొకటి నింపడం కూడా వద్దు. పాడైన కాగితం ఇచ్చివేసి కొత్తది తీసుకోండి, ఇవ్వడానికి అధికారులు వెనకాడరు.

ఇది చాదస్తం కాదు. 2017లో న్యూపోర్ట్ న్యూస్‌లోని హౌస్ ఆఫ్ డెలిగేట్స్ స్థానంలో, తిరిగి లెక్కించాక షెల్లీ సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచినట్టు తేలింది. మరునాడు, రెండు గడులూ నింపి ఒకదాని మీద అడ్డగీత గీసిన ఒకే ఒక బ్యాలెట్‌ను న్యాయమూర్తులు పరిశీలించి, అది ఆమె ప్రత్యర్థి డేవిడ్ యాన్సీకి పడిన ఓటని నిర్ణయించారు. ఇద్దరికీ 11,608 ఓట్లే వచ్చాయి. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లనూ చిన్న ఫిల్ము డబ్బాలలో పెట్టి, ఒక గిన్నెలో వేసి, చీటీ తీశారు. యాన్సీ గెలిచారు, సభలో ఆయన పార్టీ ఆధిక్యం 51-49గా నిలిచింది. సెనేట్ స్థానంలో ఓట్లు సమానమైనా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

బ్యాలెట్ తెలుగులో ఉండదు. పౌరసత్వం తీసుకున్న మీ తల్లిదండ్రులకు ఇంగ్లీషు చదవడం కష్టమైతే, లేదా చూపు సరిగా లేకపోతే, వారు కోరుకున్న వ్యక్తి వెంట వెళ్లి సాయం చేయవచ్చునని ఫెడరల్ చట్టం చెబుతోంది. వారి యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం ఆ పని చేయకూడదు. కేంద్రంలో ఒక చిన్న ఫారం మీద సంతకాలు పెట్టాలి. సాయం అంటే చదివి వినిపించి, వారు చెప్పిన పేరు దగ్గర నింపడమే. మీకు నచ్చిన పేరు దగ్గర కాదు. 65 ఏళ్లు నిండినవారు, వైకల్యం ఉన్నవారు కారు దిగకుండానే ఓటు వేయవచ్చు, బయట ఉన్న బోర్డు మీది నంబరుకు ఫోను చేస్తే అధికారులే బ్యాలెట్ పట్టుకుని వస్తారు.

బ్యాలెట్ మీద సెనేట్ ఒక్కటే ఉండదు. దిగువ సభ, కౌంటీ సూపర్‌వైజర్లు, షెరీఫ్ వంటి పదవులూ అదే కాగితం మీద ఉంటాయి, కొన్నిసార్లు వెనుక వైపు కూడా. తిప్పి చూడండి.

ఓటు వేసిన తరువాత

ఫలితాలు ఆ రాత్రే తెలుస్తాయి గాని అవి అధికారికం కావు. పోస్టల్, ప్రొవిజనల్ బ్యాలెట్ల లెక్క ఆ తరువాత కూడా సాగుతుంది. ప్రొవిజనల్ బ్యాలెట్ వేసినవారు చేతికి ఇచ్చిన కాగితం మీది నంబరుకు ఫోను చేసి తమ ఓటు అంగీకరించారో లేదో కనుక్కోవాలి. తేడా ఒక శాతానికి మించకపోతే ఓడిన అభ్యర్థి తిరిగి లెక్కించమని కోరవచ్చు. దానంతట అది జరగదు, అడిగితేనే జరుగుతుంది.

2027 దాకా ఆగాలని కూడా అనుకోవద్దు. 2023లో తూర్పు లౌడన్ కౌంటీలోని 32వ నియోజకవర్గం నుంచి గెలిచిన సుహాస్ సుబ్రమణ్యం 2024 నవంబరులో అమెరికా కాంగ్రెసుకు ఎన్నిక కావడంతో ఆ స్థానం ఖాళీ అయింది. రెండు నెలలు తిరిగేసరికే, 2025 జనవరి 7న, ప్రత్యేక ఎన్నిక జరిగి కన్నన్ శ్రీనివాసన్ గెలిచారు. సంక్రాంతి హడావుడిలో ఉన్న చాలా ఇళ్లకు ఎన్నిక ఉన్నట్టే తెలియలేదు. మీ కౌంటీ ఎన్నికల కార్యాలయం పంపే ఈమెయిల్ ప్రకటనలకు ఈ రోజే పేరు ఇచ్చి ఉంచితే, ఇటువంటి ఎన్నిక వచ్చినప్పుడు కబురు నేరుగా మీకే వస్తుంది.